నల్లప్ప కాలు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను మదనపల్లె మ్యూజియానికి సహాయ సంచాలకురాలిగా వేశారు. నా ఉద్యోగంలో అది ఆఖరి పోస్టింగు. సహాయ సంచాలకురాలు అన్న మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. చిన్న మ్యూజియంలో దాని అర్థం వేరు. పైకప్పు కారుతోందని హెడ్డాఫీసుకు రాయాలన్నా, బడిపిల్లలు గాజుపెట్టెల మీద వేసిన వేలిముద్రలు తుడిపించాలన్నా, వచ్చిన ఎమ్మెల్యే గారికి టీ తెప్పించాలన్నా ఆవిడే దిక్కు. నా కింద ఉండాల్సిన టెక్నికల్ అసిస్టెంటు పోస్టు ఖాళీ. ఇద్దరు అటెండర్లు ఉండేవాళ్లు. వాళ్లలో ఒకడు ఎప్పుడూ సెలవులో ఉండేవాడు.

పెద్ద నగరాల మ్యూజియాల సంగతి నాకు తెలియదు. చిన్న ఊళ్లలో ఉన్నవి మాత్రం దేశంలో ఏ మూలకు వెళ్లినా ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. వరండాలో తల విరిగిన విగ్రహాలు, లోపల నాణేలు, ఒక గదిలో తుప్పు పట్టిన కత్తులు, ఎవరూ చదవని లేబుళ్లు. మాదీ అంతే. కాకపోతే మా వరండాలో వీరగల్లులు ఎక్కువ. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడికో, పులితో తలపడి చచ్చినవాడికో ఆ కాలంలో ఊరివాళ్లు నిలిపిన రాయిని వీరగల్లు అంటారు. మదనపల్లె, పుంగనూరు వైపు పొలాల గట్ల మీద ఇప్పటికీ ఎన్నో కనిపిస్తాయి. మ్యూజియంలోకి వచ్చినవాటికి నంబరు పడుతుంది. రానివాటికి నూనె పడుతుంది, ఎందుకంటే అవి ఊళ్లో దేవుళ్లు.

నేను చేరిన ఏడాదే హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వేరే రాష్ట్రంలోని ఒక పెద్ద మ్యూజియం దక్షిణాది వీరగల్లుల మీద ప్రదర్శన పెడుతోంది, మీ ప్రాంతం నుంచి ఒక మంచి రాయిని కొన్ని నెలల పాటు ఇప్పించగలరా అని. వాళ్ల నిపుణుడు ఒకాయన వచ్చి, మా వరండాలో ఉన్నవన్నీ చూసి పెదవి విరిచాడు. తర్వాత పుంగనూరు దగ్గర ఒక ఊళ్లో నిలబడి ఉన్న రాయిని చూసి ఇదే కావాలన్నాడు. మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. ఊరి పేరు రాయడం లేదు, వాళ్లు ఇప్పటికే నా వల్ల కావలసినంత ఇబ్బంది పడ్డారు.

ఆ ఊరివాళ్లు ఆ రాయిని నల్లప్ప అంటారు. తరాలుగా పోసిన నూనె, దీపం మసి, సున్నం, పసుపు అన్నీ కలిసి గట్టిపడి వేలి మందాన పెచ్చు కట్టాయి. ఎత్తిన చెయ్యి ఒకటి ఉందని తడిమితే తెలిసేది తప్ప ఆ రాయి మీద ఏముందో చూసినవాళ్లు అప్పటికి ఎవరూ బతికి లేరు.

ఊరి పెద్ద గంగులప్ప. డెబ్భై దాటిన రైతు, మాట తక్కువ. ఆయన్ని ఒప్పించడానికి నేను నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. చివరికి ఒక్క షరతు పెట్టాడు. విత్తనాల వానకు ముందే రాయి తిరిగి రావాలి. నేను సరేనన్నాను.

ఈ షరతు ఎందుకో చెప్పాలి. ఆ ఊళ్లో మెట్ట పొలాలు ఎక్కువ, వేరుశనగే పంట. మంచి వాన పడి నేలలో విత్తే పదును కుదరగానే ఒక ఇంటివాళ్లు దోసెడు విత్తనాలకు నూనె పట్టించి నల్లప్ప ముందు పెడతారు. దాన్ని తొలిదోసిలి అంటారు. ఆ తర్వాతే ఊళ్లో విత్తనాలు వేసే గొర్రు కదులుతుంది. గొర్రు ఇప్పుడు ట్రాక్టరు వెనక ఉంటుంది గానీ ఆచారం అట్లాగే ఉంది. తొలిదోసిలి ఏటా ఒక ఇంటికి వంతుగా వస్తుంది, అదీ సొంత భూమి ఉన్న ఇళ్లకే. ఆ ఏడు పంట పండితే ఫలానా వాళ్ల చెయ్యి చల్లనిదంటారు. ఎండితే ఆ మాటా ఆ ఇంటికే అంటుకుంటుంది, చాలా ఏళ్లు వదలదు.

ఆ ఏడు వంతు రెడ్డెమ్మ ఇంటిది. రెడ్డెమ్మ అత్తమామలు, మొగుడు, ఆమె కూడా ఆ ఊరి పొలాల్లోనే కూలి చేసి బతికినవాళ్లు. పెద్ద కూతురు మదనపల్లెలో నర్సుగా చేరాక, ఆ జీతం మీద బ్యాంకు అప్పు తెచ్చి రెండెకరాలు కొన్నారు. భూమి వచ్చింది కాబట్టి వంతు వచ్చింది. ఇవ్వడానికి ఊళ్లో కొందరు సణిగారట, గంగులప్పే ఆచారం ఆచారమే అని తేల్చాడట. రాయిని ఎత్తే రోజున రెడ్డెమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మేడం, వానకు ముందే వచ్చేస్తాడు కదా? ఈ తూరి వంతు మాది."

వచ్చేస్తాడని చెప్పాను.

ఇలాంటి రాయిని కదిలించడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కండిషన్ రిపోర్టు రాస్తాం. అంటే రాయి ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఎక్కడ పగులుంది, ఎక్కడ పెచ్చు లేచింది అన్నీ ఫోటోలతో సహా నమోదు చేస్తాం. తర్వాత మూడు కాళ్ల ఇనప స్టాండు నిలిపి, గొలుసు పుల్లీతో రాయిని నిటారుగా పైకి లాగుతాం. పక్కకు వంచి పెకిలిస్తే అడుగు విరుగుతుంది. రాయి లేచాక ఆ గుంత మీద ఊరివాళ్లు ఒక బండ కప్పి, రోజూ దీపం పెడతామన్నారు. మేము దాన్ని తాకలేదు.

ఇక్కడే మా వృత్తికి ఉన్న ఒక జబ్బు గురించి చెప్పుకోవాలి. మ్యూజియం మనిషి కంటికి వస్తువు మీద ఉన్నదంతా మురికే. అప్పు తీసుకునే మ్యూజియం అవసరమైన సంరక్షణ చేయవచ్చు అని ప్రతి ఒప్పందంలోనూ ఒక వాక్యం ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు, చదివినా ఏ బూజో దులుపుతారనుకుంటారు. ఆ పెద్ద మ్యూజియంలో మంచి ప్రయోగశాల ఉంది. వాళ్ల రసాయన నిపుణురాలు వారాల తరబడి కాగితపు గుజ్జుకు మందు కలిపి, ముద్దగా రాయికి పట్టించి, అది నూనెను పీల్చుకున్నాక తీసేసి, మళ్లీ పట్టించి, తరాల పెచ్చునంతా వదలగొట్టింది. ఫోన్లో ఫోటోలు పంపింది. చూసి నేను ఎగిరి గంతేశాను. బూడిద రంగు రాయి, నిన్న చెక్కినట్టున్న మనిషి. ఒక చేత్తో పులి గొంతు పట్టుకుని ఇంకో చేత్తో బాకు ఎత్తాడు. పైన అప్సరసలు అతన్ని మోసుకుపోతున్నారు. కాళ్ల దగ్గర ఒక కుక్క పులి తోకను కరిచి పట్టుకుంది. దేశంలో ఇంత చక్కటి పులి వీరగల్లు చాలా కొద్దిచోట్ల ఉంటుంది. ఆ ఫోటోను ఆఫీసు గోడకు కూడా అంటించాను.

ప్రదర్శన బాగా నడుస్తోందని గడువు పొడిగించారు. నేను ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను, ఒకసారి గట్టిగా అరిచాను కూడా. రాయి లారీ ఎక్కేసరికి ఆలస్యమైంది. అది పుంగనూరు దాటి ఊళ్లోకి వచ్చేనాటికే మంచి వాన పడింది. ఎర్రనేల, పదును వారం నిలిస్తే గొప్ప. పక్క ఊళ్లలో అప్పటికే ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. ఈ ఊరు మాత్రం నా లారీ కోసం చేతులు కట్టుకుని కూర్చుంది.

బడి ముందున్న ఖాళీ స్థలంలో లారీ ఆపాం. ఊరంతా వచ్చింది. ఆడవాళ్లు హారతి పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. చెక్కపెట్టె పలకలు ఒక్కొక్కటే ఊడదీసి, రబ్బరు దిండ్లు తొలగించాం. హారతి వెలిగించడానికి పుల్ల గీసిన అమ్మాయి అట్లాగే పట్టుకుని ఉండిపోయింది, వేలు కాలాక పారేసింది.

గంగులప్ప లారీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాడు.

"ఈయన ఎవురు మేడం?" అన్నాడు.

నల్లప్పేనని, శుభ్రం చేశారని చెప్పాను.

"మా నల్లప్ప నల్లగుంటాడు," అన్నాడు. వెటకారంగా అనలేదు. తెలియనివాళ్లకు తెలియజేస్తున్నట్టు అన్నాడు.

నేను కండిషన్ రిపోర్టు ఫైలు తెప్పించాను. వెళ్లేటప్పటి ఫోటోలు, వచ్చేటప్పటి ఫోటోలు. గంగులప్ప రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఒకదాంట్లో నల్లటి మొద్దు. ఇంకోదాంట్లో పులిని పొడుస్తున్న మనిషి. "ఈ రెండూ ఒకటే అని ఇంకెవురన్నా చెప్తే మీరు నమ్ముతారా మేడం?" అని అడిగాడు. సాక్ష్యంగా తీసుకున్న ఫోటోలు నాకే ఎదురు తిరిగాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. రాయి ప్రదర్శనలో ఉండగానే, కుప్పంలో ఉన్న చిన్న ఆర్ట్ గ్యాలరీ కోసం మా శాఖ దానికి ఫైబరుతో ఒక నకలు చేయించింది. ఊరి కుర్రాడొకడు కుప్పం పోయినప్పుడు దాన్ని చూశాడు. లారీ దగ్గర ఆ సంగతి బయటపెట్టాడు. ఇక చూడాలి. అసలు రాయిని విదేశాలకు అమ్మేసి, కుప్పంలో చేయించిన బొమ్మను తెచ్చారనే మాట ఒక్క నిమిషంలో ఊరంతా పాకింది. నాకు ఒళ్లు మండిపోయింది. అది ఫైబరు, ఒక మనిషి చంకలో పెట్టుకుని పోవచ్చు, ఇది రాయి, లారీ బద్దలు విరిగేంత బరువు, కళ్లు లేవా అన్నాను. వెనక నుంచి ఎవరో, "కుప్పంలో గ్రానైటు క్వారీలు ల్యావా? రాయికి కొదవా, మిషన్లకు కొదవా?" అన్నారు. విగ్రహాల దొంగతనాలు మా వైపు ఊరికే పుట్టిన పుకార్లు కావు. వాళ్ల భయం వాళ్లది.

రాయిని అప్పగించేటప్పుడు ఒక రసీదు ఉంటుంది. తీసుకెళ్లిన స్థితిలోనే తిరిగి అందింది అని సొంతదారు సంతకం పెట్టాలి. గంగులప్ప దాన్ని చదివించుకుని విని, "తీసకపొయ్యిన స్థితిలో యాడుండాడు?" అని తిరిగి ఇచ్చేశాడు. ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. లారీ మీద టార్పాలిన్ కప్పాం. డ్రైవరు బాడుగ గురించి సణగడం మొదలుపెట్టాడు.

సాయంత్రం రెడ్డెమ్మ బడి అరుగు మీదకు వచ్చి నా పక్కన కూర్చుంది. విత్తనాలు ఒలిచారా అని అడిగాను.

"ఒలిసి సంచుల్లో పెట్టుండాము మేడం. ఒలిసిన పప్పు ఎన్నాళ్లుంటాది? పదును ఆరిపోతాండాది," అంది. మళ్లీ తనే, "ఊరికే విత్తుకుంటే మాకేం పోదు, రెండెకరాలే. కానీ తొలిదోసిలి మా ఇంటిది. రాయి లేకుండా పెట్టలేము. తప్పుడు రాయి ముందర పెట్టి పంట పోతే, కూలోళ్ల ఇంటికి వంతిచ్చినారు సూడు, అందుకే ఇట్లయ్యిందంటారు. ఇంగ మా ఇంటికి రాదు మేడం. మా మనవలకూ రాదు," అంది.

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేనేదో ఓదార్చి తప్పించుకునేదాన్ని.

ఇది నల్లప్పేనని నమ్ముతున్నావా అని అడిగాను. నేను నమ్మితే ఏం లాభం అంది.

గుంత ఉంది కదా, అందులో నిలిపి చూద్దాం, సరిపోతే ఆయనే కదా అన్నాను. మా వృత్తిలో ఇది అందరికీ తెలిసిన పరీక్ష. విరిగిన విగ్రహం ఏ పీఠానిదో తేల్చడానికి దాని మొదలును ఆ పీఠం సందులో దింపి చూస్తాం. రెడ్డెమ్మ లేచి గంగులప్పను పిలుచుకొచ్చింది. ఆయన ఆ మాట వింటూనే తల అడ్డంగా ఊపాడు. గుంతలో నిలిపితే నిలిపినట్టే. ఒకసారి నిలిపాక, సరిపోలేదని మళ్లీ పెరికేదానికి లేదు. ఊరికి అరిష్టం. వేరే ఎవరిదో రాయి అయితే ఇంక ఎప్పటికీ ఆయన్నే కొలవాలి. కాబట్టి నిలిపి చూసే ప్రశ్నే లేదు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు నాకు. నిలపకుండా సరిపోతుందో లేదో తెలియదు, తెలియకుండా నిలపకూడదు.

అప్పుడు నాకు మునిరత్నం గుర్తొచ్చాడు. మునిరత్నం మా శాఖలో మోడలర్‌గా పనిచేసి రిటైరై కుప్పంలో ఉంటున్నాడు. మోడలర్ అంటే అసలు వస్తువుకు అచ్చు తీసి నకలు పోసేవాడు. ఆ పోస్టును ఇప్పుడు ఎత్తేశారు, అతనే ఆఖరివాడు. కుప్పం గ్యాలరీలో ఫైబరు నల్లప్పను చేసింది కూడా అతనే. ఫోన్ చేసి, రాయి అడుగుభాగం ఒక్కదానికే ప్లాస్టరుతో నకలు పోయగలవా అన్నాను. రాయి దేవుడు, గుంతలో పెట్టి తీయకూడదు. ప్లాస్టరు ముద్ద దేవుడు కాదు, ఎన్నిసార్లయినా పెట్టి తీయవచ్చు. మునిరత్నం కాసేపు నవ్వి, ప్లాస్టరు పుంగనూరులోనే కొనిపెట్టమన్నాడు. సీలింగు సామాను అమ్మే షాపులో మూటలు దొరికాయి.

గంగులప్ప ఒక పట్టాన ఒప్పుకోలేదు. "బొమ్మ చేసినోడే సాచ్చమా?" అన్నాడు. అయితే ఊరంతా చూస్తుండగా చేస్తాడు, ఎవరైనా ఏమైనా అడగవచ్చు, గుంత దగ్గరికి అతను రాడు, మీరే దింపి చూసుకోండి అన్నాను. గుంత ఇన్నాళ్లూ మీ బండ కిందే ఉంది, రాయి మా దగ్గరుంది, మధ్యలో ఎవరూ రెండింటినీ కలపలేదు కదా, దొంగబొమ్మ చేసేవాడు కనిపించే ముఖం చెక్కుతాడు గానీ భూమిలో దాగే మొదలును ఈ గుంతకు సరిపోయేలా చెక్కడు కదా అన్నాను. దాని మీద ఆయన బాగా ఆలోచించి సరేనన్నాడు.

మర్నాడు పొద్దున మునిరత్నం పలమనేరు మీదుగా బస్సులో దిగాడు. ఇసుక మీద రాయిని పడుకోబెట్టి ఉంచాం. భూమిలో ఉండే భాగాన్ని శిల్పి చెక్కడు, ముతకగా వదిలేస్తాడు. ఈ రాయి అడుగు ఒక పక్క నాలుకలా పొడుగ్గా, ఇంకో పక్క మెట్టులా విరిగి ఉంది. మునిరత్నం దానికి సబ్బునీళ్లు పూశాడు, ప్లాస్టరు అంటుకోకుండా ఉండటానికి. జనపనార తుంపులు కలిపిన ప్లాస్టరును రెండు భాగాలుగా పట్టించి, ఆరాక రెండు చిప్పల్లా విడదీశాడు. ఆ చిప్పలను తాళ్లతో బిగించి, లోపల మళ్లీ సబ్బు పూసి, ప్లాస్టరు పోసి, గుల్లగా ఒక కాలు తయారుచేశాడు. ఊరు ఊరంతా చుట్టూ కూర్చుని చూసింది. ఒక ముసలాయన ఇదే పద్ధతిలో పళ్లు కట్టే డాక్టరు తన నోట్లో పిండి పెట్టాడని అందరికీ వివరించాడు. మునిరత్నం సంతోషంగా అవునన్నాడు.

ఎండ ముదిరింది. పొలాల మీద మట్టి రంగు మారుతోంది. పొద్దున ముదురుగా ఉన్నది మధ్యాహ్నానికి వెలిసింది. రెడ్డెమ్మ అటు చూడకుండా కూర్చుంది.

తెల్లటి కాలును నలుగురు మోసుకుపోయారు. నేను, మునిరత్నం దూరంగా నిలబడ్డాం. బండ తీసి, వాన ఒండ్రు తోడి, కాలును తాళ్లతో దింపారు. సగం దిగి ఆగిపోయింది. తిప్పి చూశారు, ఆగిపోయింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మునిరత్నం ముఖం పాలిపోయింది. అతని పనిలో తేడా ఉండదని నాకు తెలుసు. అన్నాళ్లలో మొదటిసారి, దారిలో లారీ మారినప్పుడు రాయి కూడా మారిపోయిందేమో అని నాకే అనుమానం వచ్చింది.

గంగులప్ప కాలును పైకి లాగమని, పంచె ఎగ్గట్టి తనే గుంతలోకి దిగాడు. చేత్తో తడిమి, వానకు గోడలోంచి జారిన ఒక గుండురాయిని పెకిలించి బయట పడేశాడు. పైకి వచ్చి మళ్లీ దింపమన్నాడు. ఈసారి కాలు మెల్లగా జారి, పక్కన వేలు పట్టేంత సందు కూడా లేకుండా కూర్చుంది. పొడుగు నాలుక దాని గూట్లోకి, మెట్టు దాని మెట్టు మీదికి. ఇటు అటు కదిపి చూశారు, కదల్లేదు.

గంగులప్ప చేతులు కడుక్కుంటూ అన్నాడు. "కాలు నల్లప్పదే. మొకం ఎవురిదో."

జనం నవ్వారు. నేను కూడా నవ్వాను. అయిపోయిందనుకున్నాను. అవలేదు.

పెద్దలు నలుగురూ పక్కకు వెళ్లి మాట్లాడుకుని వచ్చారు. రాయిని నిలుపుకుంటామన్నారు. అయితే ఈ ఏడు అంతా తారుమారైంది, రాయి ఆలస్యంగా వచ్చింది, రంగు పోయింది, పదును సగం పోయింది. ఇలాంటప్పుడు తొలిదోసిలి కొత్త ఇంటి చేత పెట్టించడం మంచిది కాదు, ఈ తూరికి గంగులప్ప ఇంటివాళ్లు పెడతారు, రెడ్డెమ్మ వాళ్లకు పైయేడు ఇస్తాం అన్నారు. గంగులప్ప ఆ మాటను కాదనలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

రెడ్డెమ్మ ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు. "మంచి జరిగే ఏడు మాకిచ్చి, చెడ్డ జరిగే ఏడు మీరు మోస్తారా పెద్దాయనా? అట్లయితే మంచిదే. కానీ పైయేటికి ఇస్తారని ఎవురు సెప్పొచ్చినారు?" అంది.

ఆ పెద్దలను నేను ఇప్పటికీ దుర్మార్గులనుకోను. పంట పోతే మాట ఎవరి మీద పడాలన్నది వాళ్లకు నిజమైన చిక్కు. ఎక్కడో ఒకచోట పడక తప్పదు. ఆ ఏడు అది పడటానికి సిద్ధంగా ఉన్న ఇల్లు రెడ్డెమ్మది ఒక్కటే.

నేను రసీదు బయటికి తీశాను. అందులో చివర రిమార్కులు అని ఒక గడి ఉంటుంది. ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో మా సీనియర్లు నాకు నేర్పిందేమిటంటే, ఆ గడిలో 'లేవు' అని రాయాలి. రాతపూర్వకంగా శాఖ తప్పును ఒప్పుకోకూడదు. నేను 'తీసుకెళ్లిన స్థితిలోనే' అన్న ముక్క కొట్టేసి, రిమార్కులలో ఇలా రాశాను. రాయిని మ్యూజియం వారు కడిగినందువల్ల, ఆలస్యంగా తెచ్చినందువల్ల ఈ ఏడు ఊరికి ఏ తేడా వచ్చినా దానికి మ్యూజియమే కారణం, తొలిదోసిలి పెట్టిన ఇంటికి సంబంధం లేదు. సంతకం పెట్టి, స్టాంపు వేసి, గట్టిగా చదివాను.

గంగులప్ప మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఆయన పెద్దల వైపు తిరిగి, "సర్కారు రాసిచ్చినాక మనకేంది? పంట పోతే మ్యూజియమోళ్లను తిడదాం. వంతు మార్సేదానికి పని ల్యా," అన్నాడు. కింద తన సంతకం చేశాడు. ఆయనకు ఆ కాగితం ఎంత ఊరటనిచ్చిందో ముఖం చూస్తే తెలిసింది. ఇష్టం లేని పనికి తలూపి, దాంట్లోంచి బయటపడటానికి దారి వెతుక్కుంటున్న మనిషి ఆయన.

ఆ పొద్దు వాలకముందే రాయిని నిలిపాం. ప్రతి ఇంటి నుంచి ఒక గిన్నె నూనె వచ్చింది. ప్రయోగశాలలో వారాల పాటు చేసిన పనికి సరిగ్గా ఎదురుపని నా కళ్ల ముందే జరిగింది. పనితనం పోతుందని వృత్తి మనిషిగా ప్రాణం విలవిల్లాడింది, అది కూడా దాచను. రెడ్డెమ్మ, ఆమె మొగుడు స్నానం చేసి వచ్చారు. మదనపల్లె నుంచి డ్యూటీ మార్చుకుని కూతురు కూడా వచ్చింది. దోసిలి పెట్టేటప్పుడు వంగి చూసి రెడ్డెమ్మ, "కాళ్లకాడ కుక్క ఉండాది సూడండి!" అంది. పిల్లలంతా తోసుకుంటూ వచ్చి చూశారు. మర్నాడు తెల్లవారేసరికి ఊళ్లో ట్రాక్టర్లన్నీ పొలాల్లో ఉన్నాయి.

తర్వాత సంగతి క్లుప్తంగా చెబుతాను. రిమార్కుల గడి చూసి హెడ్డాఫీసు నాకు మెమో ఇచ్చింది, శాఖకు ఇబ్బంది కలిగేలా ఎందుకు రాశావని. రాసింది వాస్తవం కాబట్టి రాశాను అని ఒక్క వాక్యం జవాబిచ్చాను. దాని మీద ఇంకో రెండు ఉత్తరాలు నడిచి, నేను రిటైరయ్యేసరికి ఆ ఫైలు చల్లబడింది.

ఆ ఏడు వేరుశనగకు ఊడలు దిగి కాయ పట్టే సమయానికి వాన మొహం చాటేసింది. పంట సగానికి తగ్గింది. పక్క ఊళ్లలోనూ అంతే. నేను ఏదో పని మీద పుంగనూరు వెళ్లి, ఆ ఊళ్లో ఆగితే టీ కొట్టు దగ్గర ఒక రైతు నన్ను గుర్తుపట్టి ముఖం మీదే తిట్టాడు. మీ మ్యూజియమోళ్లు నల్లప్ప సత్తువంతా మందులేసి కడిగేసినారు, అందుకే మాకు ఈ గతి అన్నాడు. పక్కనున్నవాళ్లు కూడా తలో మాట వేశారు. నేను టీ తాగుతూ అంతా విన్నాను. ఒక్కరి నోట రెడ్డెమ్మ ఇంటి పేరు రాలేదు. తిట్టడం అయ్యాక, వాళ్ల వంతు మళ్లీ ఎప్పుడని అడిగాను. వరసలో ఇరవై ఇళ్లుండాయి, అవన్నీ తిరిగినాక వస్తాది, యాల అడుగుతాండారు అన్నాడు ఆ రైతు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండు. ఒక వస్తువును శుభ్రం చేసే ముందు, దాన్ని తిరిగి గుర్తుపట్టాల్సినవాళ్లు ఎవరో వాళ్లను అడగాలి. రెండోది, ఊళ్లో ఒక ఇంటి మీద పడిన మాటను ఆ ఇంటివాళ్లు తరతరాలు మోయాలి, ఆఫీసు మీద పడితే అది ఒక ఫైలులో పడి ఉంటుంది. మోయగలిగిన వాళ్లం మేమే కనుక రిమార్కుల గడిలో ఊరికే 'లేవు' అని రాయవద్దని తర్వాత వచ్చిన సహాయ సంచాలకుడికి చెప్పి చార్జి అప్పగించాను.